ట్రిగ్గర్ లైటుగుంటే గురి కుదురుతదా? (మీ ప్రశ్నలు, మా జవాబులు)

పోయిన నెల ఎయిర్ రైఫిల్ కొత్తగ మొదలువెట్టేటోళ్ల కోసం నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగనే వచ్చినయి, వాట్సాప్‌ల ఇంకా ఎక్కువొచ్చినయి, అండ్ల సగానికి సగం ట్రిగ్గర్ మీదనే. నేనేమో ఛర్రాల (ఎయిర్ గన్ల పెట్టే చిన్న గుళ్లు) గురించి, కళ్లద్దాల గురించి అడుగుతరనుకున్న. ఒకే తీరుగున్న ప్రశ్నలు కలిపేసిన, పేర్లు తీసేసి ఊర్లు ఉంచిన.

ప్రశ్న (దేవరకొండ, డిగ్రీ స్టూడెంట్): అన్నా, మా మేనమామ దగ్గర పాత స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉండే, బ్యారెల్ వంచి ఛర్రా పెట్టేది, ఈమధ్య నాకిచ్చిండు. ట్రిగ్గర్ ఎంత గట్టిగుందంటే గుంజంగ గుంజంగ వేలు నొస్తది, ఎప్పుడు పేలుతదో తెల్వది, పది మీటర్లల్ల చాయ్ సాసరంత జాగల కూడ ఐదు దెబ్బలు పడుతలేవు. మొన్న హైదరాబాద్‌ల దోస్తు షూటింగ్ రేంజ్‌కి తీస్కపోయిండు, ఆడ పోటీలల్ల వాడే మ్యాచ్ రైఫిల్ మీద వేలు పెట్టిన్నో లేదో పేలింది, బెదిరిన. మా ఊర్ల లేత్ షాపాయన లోపలి కొక్కెం జర రాకితే గట్లనే లైట్ అయితది, రెండొందలు ఇయ్యి చాలంటుండు. రాకించాల్నా?

జవాబు: రాకించకు తమ్ముడూ. ఆ పని నేను ఆల్రెడీ చేసి దెబ్బ తిన్నోన్ని.

శానేండ్ల కిందటి మాట. నల్లగొండల నాకూ గిట్లాంటి తుపాకే ఉండే. ఒక వర్క్‌షాపుల కొక్కెం అంచుని గ్రైండింగ్ పెట్టించిన, ఇంటికొచ్చి కాలిస్తే అబ్బ ఏముంది ట్రిగ్గర్, వెన్న లెక్క. నాలుగు రోజులు దోస్తులందరికి చూపించుకున్న. ఐదో రోజు పొద్దుగాల బ్యారెల్ కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించి, ఛర్రా పెడదామని బొటనవేలు బ్యారెల్ కాడికి తీస్కపోతున్న, ట్రిగ్గర్ ముట్టనే లేదు, కొక్కెం దానంతటదే జారింది. బ్యారెల్ టప్పున పైకి లేసి కొట్టుకుంది. నా నసీబు బాగుండి వేలు సందుల ఇరుకలే, గోరుకు తాకింది అంతే, ఆ గోరు నల్లవడి పది రోజులకు ఊడింది. తుపాకి సంగతైతే అడుగకు, బ్యారెల్ పైకి వంగింది, కట్టె పిడి దగ్గర నిలువున పగిలింది. రాకినాయన ఏమన్నడో తెలుసా, నువ్వు లైట్ చెయ్యమన్నవు చేసిన, అన్నడు. నిజమే గద, అడిగింది నేనే.

ఎందుకట్ల అయితదో చెప్త, ఇది తెలిస్తే మిగిలినయన్ని సులువుగ అర్థమైతయి. స్ప్రింగ్ రైఫిల్ల బ్యారెల్ వంచినప్పుడు నువ్వు లోపల పిస్టన్‌ని వెనక్కి నెట్టి పెద్ద స్ప్రింగుని అణుస్తున్నవు. ఆ అణిగిన స్ప్రింగు పదుల కిలోల బలంతోని ముందుకు ఉరకాలని చూస్తుంటది, దాన్ని ఆపి పట్టుకునేది ఒక చిన్న కొక్కెం, షూటింగ్ భాషల సియర్ అంటరు. సాదా తుపాకుల్ల ట్రిగ్గర్ మీటకే ఆ కొక్కెం చెక్కి ఉంటది, పిస్టన్ కడ్డీకి ఉన్న గాడిల అది ఇరుక్కుంటది. అంటే అన్ని కిలోల ఒత్తిడి మీద ఇనుముని ఇనుము మీద రాసుకుంట జరిపేది నీ చూపుడువేలే. బరువుండక ఏమైతది? ఇగ పట్టు లోతు తగ్గిస్తే గుంజుడు తగ్గుతది కరెక్టే, కాని అంచు మీద నిలవడ్డ మనిషి లెక్క అయితది, చిన్న కుదుపుకే జారుతది. పైగా ఆ కొక్కేలకు పైపైన మాత్రమే గట్టి పొర ఇచ్చి ఉంటరు, గ్రైండింగ్‌ల ఆ పొర పోతే కింద మెత్తటి ఇనుము తొందరగ అరుగుతది. ఇయ్యాల బాగుంటది, ఓ వంద దెబ్బలకు గుండ్రంగయితది.

మంచి కంపెనీలు బరువు తగ్గించింది పట్టుని కోసి కాదు, మధ్యల ఇంకో రెండు మీటలు పెట్టి. జర్మనీ వైరాఖ్ వాళ్ల రెకార్డ్ ట్రిగ్గర్ అని ఉంటది, స్ప్రింగ్ తుపాకుల్ల ఇప్పటికీ దాని పేరే ముందు చెప్తరు. పిస్టన్ భారాన్ని పైనున్న మీట పట్టుకుంటది, దాన్ని ఇంకోటి ఆపుతది, నీ వేలు దాకా వచ్చేసరికి మిగిలేది కొంచెమే. మన బావుల కాడ గిరక ఉంటే బొక్కెన తేలికైనట్టు. డయానా వాళ్ల పాత 27, 35 మోడళ్లల్ల ఇంకో ఉపాయం, పిస్టన్ కడ్డీని మూడు ఉక్కు గోలీలు చుట్టూ పట్టుకుంటయి, ట్రిగ్గర్ గుంజితే గోలీలు పక్కకు జరిగి వదిలేస్తయి. నేను ఒకసారి దాన్ని విప్పి గోలీలు మంచం కిందకి దొర్లిపోతే చీపురు పట్టుకోని గంటసేపు ఎతికిన, నువ్వు విప్పితే మాత్రం పళ్లెంల పెట్టుకోని విప్పు.

ఇగ నువ్వు రేంజ్‌ల పట్టుకున్నది స్ప్రింగుది కాదు, పీసీపీ (ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్). దాంట్ల గాలి ముందుగాలనే సిలిండర్ల 200 బార్ దాక నింపి ఉంటది, ట్రిగ్గర్ చేయాల్సిందల్లా ఒక చిన్న సుత్తిని వదలడమే, అది పోయి వాల్వ్‌ని కొడితే గాలి బయటికొస్తది. సుత్తిని ఆపటానికి పెద్ద బలం అక్కర్లే, అందుకే ట్రిగ్గర్‌ని 100 గ్రాముల దగ్గరికి తెచ్చినా భయం లేదు. ఆ రెంటిని పోల్చుడంటే ఎడ్లబండిని స్కూటీతోని పోల్చుడు.

ఇంకో లెక్క చూడు. నీ తుపాకి ఓ మూడు కిలోలుంటదనుకో, ట్రిగ్గర్ గుంజుడు రెండున్నర కిలోలనుకో. తుపాకి ఎంత బరువుందో దగ్గర దగ్గర అంత బలంతోని నువ్వు దాన్ని ఒక పక్క నుంచి గుంజుతున్నవు, అది కదలకుండ ఎట్లుంటది? మ్యాచ్ రైఫిల్ ఐదు కిలోల దాక ఉంటది, దాని ట్రిగ్గర్ వంద గ్రాములు. గురి తేడా సగం ఈ లెక్కలనే ఉంది.

అయితే నీ తుపాకిని చెత్తల పారెయ్యమంటలేను. ముందుగాల కట్టె స్క్రూలు చూడు, స్ప్రింగ్ తుపాకి ప్రతి దెబ్బకు వణుకుతది, స్క్రూలు వదులయితయి, శానామంది దీన్ని పట్టించుకోక ట్రిగ్గర్‌ని తిడుతరు. తర్వాత ట్రిగ్గర్ దగ్గర పాత నూనె, దుమ్ము గట్టిపడి ఉంటది, అది తుడిచి కొక్కెం రాసుకునే చోట మాలిబ్డినమ్ గ్రీజు అగ్గిపుల్ల తలకాయంత పెట్టు, ఎక్కువొద్దు. కొబ్బరినూనె పొయ్యకు, మిషన్ ఆయిల్ పొయ్యకు, అది జారి పిస్టన్ గదిలకు పోతే గాలి అణిగినప్పుడు పుట్టే వేడికి డీజిల్ ఇంజన్ లెక్క లోపల మండుతది, పొగ వస్తది, సీలు కాలిపోతది. ఈ రెండు పనులకే నా ఇంకో పాత తుపాకి గుంజుడు కిలోల లెక్కల పెద్దగ తగ్గలేదు కాని గరగర పోయింది. నాకు కావాల్సింది అదే, బరువుంటే అలవాటయితది, గరగర అలవాటు కాదు.

మంచి ట్రిగ్గర్ ఎట్లుండాలె అంటే మా పాలమూరు దోస్తు ఒకాయన చెప్పిన మాటే చెప్త, బాగ ఎండిన పల్లికాయని వేళ్ల మధ్యల ఒత్తితే కొద్దిసేపు ఏం కాదు, తర్వాత పటుక్కుమంటది. పచ్చికాయని ఒత్తితే మెత్తగ సాగుకుంట పోతది, ఎప్పుడు పగిలిందో తెల్వది. నీది ప్రస్తుతం పచ్చికాయ. ఇంకొక్కటి, రేంజ్‌ల నువ్వు బెదిరినవు చూడు, గురి మీదికి రాకముందే వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది కాబట్టి బెదిరినవు. వేలు బయట కట్టె మీద ఆనిచ్చి పెట్టుడు నేర్చుకో, ఏ తుపాకైనా.

ప్రశ్న (మిర్యాలగూడ, రిటైర్డ్ ఫౌజీ): మా కాలంల పాయింట్ 303 మీద ట్రైనింగ్. ఫస్ట్ ప్రెషర్, సెకండ్ ప్రెషర్ అని ఉస్తాద్ నెత్తి మీద నిలవడి చెప్తుండె. ఇప్పుడు మా మనవడు తెచ్చిన ఎయిర్ గన్‌కు ఒక్కటే గుంజుడు. ఇది లోపమా, లేకుంటే ఇప్పటి ఫ్యాషనా?

జవాబు: సార్ నమస్తే. మీరు చెప్పిందే టూ స్టేజ్ ట్రిగ్గర్, ఆ లీ ఎన్‌ఫీల్డ్ తుపాకికి రెండంచెలు ఉన్నది నిజమే. మనవడిది సింగిల్ స్టేజ్. లోపమని అనలేం, చవకల చేయటానికి అది సులువు.

తేడా ఏందంటే రెండంచెల దాంట్ల మొదలు వేలు తేలిగ్గ కొంత దూరం పోతది, తర్వాత ఒక గోడకు ఆనినట్టు ఆగుతది. ఆ ఆగిన కాడ షూటర్ ఊపిరి ఆపుకోని గురి చూసుకుంటడు, గురి కుదిరితే ఇంకొంచెం ఒత్తుతడు, పేలుతది. ట్రాక్టర్ క్లచ్ వదిలేటోళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కొంత ఖాళీ పోయినంక పట్టు దొరుకుతది గదా, ఆ పట్టు దొరికే చోటు కాలుకు గుర్తుంటది. గట్లనే వేలుకు గుర్తుంటది. సింగిల్ స్టేజ్‌ల ఆ గోడ ముందుగాలనే ఉంటది, వేలు పెట్టంగనే పేలే చోటే. బాగ చేసిన సింగిల్ స్టేజ్ చాలా ముచ్చటగ ఉంటది, కాని చవక తుపాకుల్ల వచ్చేది ముచ్చటది కాదు, పేరుకు సింగిల్ స్టేజ్, లోపల మాత్రం పొడుగ్గ గరగర గుంజుడే, దాన్నే క్రీప్ అంటరు. నా ఓటైతే రెండంచెలకే. చలికాలం పొద్దుగాల వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఆ మొదటి అంచె ఎంత పనికొస్తదో మీకు నేను చెప్పాల్నా సార్.

మీ ఉత్తరం చదివినంక ఎన్‌సీసీ క్యాంపుల మా హవల్దార్ సాబ్ గుర్తొచ్చిండు. శిస్త్ తీసుకో, శిస్త్ తీసుకో అని అరిచి, మేం గురి చూసుకోని సిద్ధమైనంక చెవి పక్కకొచ్చి మెల్లగ, ట్రిగ్గర్ గుంజకు రా ఒత్తు, అనేటోడు. గుంజుడుకు ఒత్తుడుకు తేడా ఏందో అప్పుడు తెల్వలే.

ప్రశ్న (మహబూబ్‌నగర్, ఒక తల్లి): మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్ల చూసి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటుంది. కోచ్ ట్రిగ్గర్ వంద గ్రాములే ఉంటదన్నడు, వింటేనే భయమైతుంది, పిల్లల చేతిల అంత లైట్ ట్రిగ్గరా? మొదలే మంచి రైఫిల్ కొనియ్యాల్నా? ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అని ఇంకోటి ఉందట, అది మంచిదా?

జవాబు: అక్కా, మీ భయం తప్పు కాదు, కాని ఆ వంద గ్రాములు రేంజ్‌లనే వంద గ్రాములు. రేంజ్ ఆఫీసర్ చెప్పేదాక లోడ్ చేయరు, లోడ్ చేసినంక మూతి టార్గెట్ దిక్కే ఉంటది, మిగిలిన టైంల బ్యారెల్ల గుండు లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి ఉంటది, అది కనవడకపోతే కోచ్ తిడుతడు. ఇంట్ల ఆల్మారాల పెట్టి తీసి కాల్చుకునే తుపాకికైతే నేనే వద్దంట.

అంత లైట్ ఎందుకంటే అక్కడ కొట్టాల్సిన పదో రింగు అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క, ఆవగింజ కన్నా చిన్నది, పది మీటర్ల దూరంల. గుళ్లు 4.5 మిల్లీమీటర్లయి. మ్యాచ్‌ల 60 దెబ్బలు, గంటా పదిహేను నిమిషాలల్ల, ఒక్కోదానికి ఎక్కువల ఎక్కువ 10.9 పాయింట్లు. అసొంటి చోట వేలు ఒత్తిడికి రైఫిల్ వెంట్రుకవాసి కదిలినా 10.6 రావాల్సింది 9.8 అయితది. అంతర్జాతీయ రూల్స్‌ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గొద్దని ఉంది, బరువు వేలాడదీసి చెక్ చేస్తరు కూడ. ఎయిర్ రైఫిల్‌కు మాత్రం అట్ల కనీస బరువు పెట్టలేదు, రైఫిల్ మొత్తం 5.5 కిలోలు దాటొద్దని ఉంది. అందుకే రైఫిల్ పిల్లలు వాళ్లకు కుదిరినంత తగ్గించుకుంటరు.

కాని మొదటి రోజే వంద అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేనైతే మొదలు మూడు నాలుగొందల గ్రాముల దగ్గర పెడ్త, వేలుకు ఆ గోడ తెలిసేదాక. కొందరు కోచ్‌లకు ఇది నచ్చదు, మొదలే తక్కువ పెట్టి అలవాటు చెయ్యాలంటరు. నేను చూసిన కాడికి మొదలే తక్కువ పెడితే పిల్లలు ఒత్తుడు నేర్చుకోరు, ముట్టుడు నేర్చుకుంటరు, గురి మీదికి రాంగనే టక్కున ముడుతరు. అది పోగొట్టటానికి ఆరు నెలలు పడుతది.

బరువు కన్నా ముందు చూడాల్సింది మీట ఎక్కడుందో. మ్యాచ్ రైఫిళ్లల్ల మీటని ముందుకు, వెనక్కి జరపొచ్చు, పక్కకు తిప్పొచ్చు. పాప చెయ్యి చిన్నది, చూపుడువేలు మొదటి కణుపు మెత్తటి భాగం మీట మీద పడాలె, వేలు మధ్య కణుపు వంగి నిటారుగ వెనక్కి ఒత్తాలె, వేలు పక్క కట్టెను రాసుకోవద్దు. పెద్దోళ్ల సెట్టింగుల ఉన్న రైఫిల్ ఇస్తే వేలు కొసతోని అందుకుంట గుంజుతది, దెబ్బ పక్కకు పోతది, అందరు కలిసి పాపకు గురి లేదంటరు. కోచ్‌ని ఇది అడుగండి, ట్రిగ్గర్ ఎన్ని గ్రాములు అని కాదు.

కొనుడు మాత్రం ఇప్పుడే వద్దు. విదేశీ మ్యాచ్ రైఫిల్ కొత్తది రెండు లక్షలు దాటుతది, మీద జాకెట్, ప్యాంట్ ఖర్చు వేరే. ఆర్నెల్లు రేంజ్ రైఫిల్ మీదనే నేర్పియ్యండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ సంగతంటరా, వాల్తర్ ఎల్‌జీ 400ల అసొంటి మోడల్ ఉంది. మీట ఒత్తితే కరెంటు సిగ్నల్ పోయి పేలుస్తది, అరిగే కొక్కెం ఉండదు, ప్రతి దెబ్బ అచ్చం ఒకే తీరు. కొందరికి ప్రాణం, కొందరికి మాత్రం ఆ పటుక్కుమనే తెలివి వేలుకు రాక సప్పగుంటదంటరు. బ్యాటరీ చూసుకోవాలె అది వేరే. పాపకు ఇప్పుడు అవసరం లేదు.

ఇంట్ల ప్రాక్టీసుకు డ్రై ఫైరింగ్ అడుగండి, గుండు లేకుండ, గాలి లేకుండ, ఉత్త ట్రిగ్గర్. మ్యాచ్ రైఫిళ్లకు దానికి ప్రత్యేకంగ ఒక సెట్టింగ్ ఉంటది. స్ప్రింగ్ తుపాకితోని మాత్రం ఇది చెయ్యనియ్యకండి, ముంగట గుండు అడ్డం లేకపోతే పిస్టన్ పోయి గోడకు గుద్దుకుంటది, సీలు, స్ప్రింగు పాడయితయి. మన హైదరాబాద్ పిల్లగాడు గగన్ నారంగ్ 2012ల లండన్ ఒలింపిక్స్‌ల కాంస్యం తెచ్చింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లనే, 2008ల బీజింగ్‌ల అభినవ్ బింద్రా బంగారం తెచ్చింది కూడ ఇదే ఈవెంట్‌ల. పాపకు చెప్పండి, సంబరపడుతది.

ప్రశ్న (సూర్యాపేట): పెద్దగట్టు జాతరల బుగ్గలు కాల్చే దుకాణంల ఇరవై కొడితే నాలుగే పగిలినయి. మా బామ్మర్ది ముంగట ఇజ్జత్ పోయింది. తప్పు నాదా ట్రిగ్గర్‌దా?

జవాబు: ఇద్దరిదీ కాదు, ముంగటి మక్కీది, అంటే బ్యారెల్ కొసన గురి చూసే పుల్లది. ఆ తుపాకులు జాతర జాతరకు లారీల తిరిగి తిరిగి ముందు మక్కీ ఎటో ఒంగి ఉంటది, బ్యారెల్ కీలు వదులై ఉంటది. ట్రిగ్గర్లైతే వేలమంది గుంజి గుంజి అరిగి నిజానికి మెత్తగనే ఉంటయి. మళ్ల రెండేండ్లకు జాతరకు పోయినప్పుడు మొదటి రెండు దెబ్బలు బుగ్గను కాదు, వెనుక అట్ట మీద ఒక మచ్చని కొట్టు, ఎంత పక్కకు పోతుందో చూసి అంత ఇటు పట్టి కొట్టు. బామ్మర్దికి చెప్పకు.

ప్రశ్న (వనపర్తి): కొత్త స్ప్రింగ్ రైఫిల్ తీసుకున్న, ట్రిగ్గర్ దగ్గర మూడు చిన్న స్క్రూలున్నయి. యూట్యూబ్‌ల ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. ఏది తిప్పాలె?

జవాబు: మొదలైతే ఏదీ తిప్పకు భాయ్, ఐదొందల గుళ్లు కాల్చినంక చూడు, కొత్త కొక్కేలు వాటంతటవే రాసుకోని నున్నగయితయి.

తర్వాత మాన్యువల్ దగ్గర పెట్టుకో, ఎందుకంటే ఏ స్క్రూ ఏందన్నది మోడల్‌ని బట్టి మారుతది, యూట్యూబ్‌ల చెప్పేటాయన తుపాకి నీ తుపాకి కాకపోవచ్చు. మామూలుగ ఒకటి బరువుది, చిన్న స్ప్రింగుని అణుస్తది వదులుతది, దీనితోని పెద్ద ప్రమాదం లేదు. ఒకటి మొదటి అంచె ఎంత పొడుగుండాల్నో చెప్తది. ఇంకోటి రెండో అంచెది, కొక్కెం ఎంత లోతు పట్టాల్నో అదే చెప్తది, అసలు జాగ్రత్తంతా దీంతోనే. దీన్ని ఎక్కువ తిప్పితే నా గోరు కథే. హాట్సాన్ క్వాట్రో ట్రిగ్గర్‌కు ఇట్ల మూడు ఉంటయి, డయానా టీ06కి కూడ రెండంచెలు సరి చేసుకునే ఏర్పాటు ఉంది. పావు మలుపు తిప్పు, పది గుళ్లు కాల్చు, చూడు, మళ్ల పావు మలుపు. తిప్పే ముందు స్క్రూ ఎక్కడుందో ఫోన్ల ఫోటో తీసిపెట్టు, ఇది నేను చెప్పినా ఎవరూ తియ్యరు, తర్వాత ఫోన్ చేస్తరు.

తిప్పుడు అయినంక టెస్ట్ ఒకటుంది. స్ప్రింగ్ ఎక్కించు, గుండు పెట్టు, మూతిని ఇసుక బస్తాకు ఆనిచ్చినంత దగ్గర పెట్టు, ముంగట ఎవర్నీ ఉండనియ్యకు, వేలు ట్రిగ్గర్ దగ్గర లేకుండ హవాయి చెప్పుతోని కట్టె వెనుక భాగం మీద గట్టిగ నాలుగు తట్లు తట్టు. పేలితే అది ట్రిగ్గర్ కాదు బాంబు, స్క్రూ వెనక్కి తిప్పు. సేఫ్టీ బటన్ ఉంది గదా అనకు, శానా తుపాకుల్ల అది ఆపేది మీటని, కొక్కేన్ని కాదు.

స్ప్రింగ్ తుపాకి ట్రిగ్గర్‌ని ఎంత లైట్ చేసినా పీసీపీ లెక్క రాదని ముందే చెప్పిన. నా లెక్కల 700 గ్రాముల నుంచి కిలో మధ్య ఉంటే సరిపోతది. ఎందుకంటే అది పేలినంక కూడ గుండు బ్యారెల్ల ఉండంగనే తుపాకి మొదలు వెనక్కి తన్నుతది, పిస్టన్ కొసకు పోయి ఆగినప్పుడు మళ్ల ముందుకు గుంజుతది, ఆ రెండు కుదుపుల మధ్యల నువ్వు వేలు వదిలేసి లేసి చూస్తే గుండు ఎటో పోతది. పేలినంక ఒకటి రెండు అని లెక్కపెట్టుకునేదాక వేలు ఒత్తే ఉంచు. తుపాకిని గట్టిగ పిసుకకు, అరచేతిల ఆనిచ్చి దాని కుదుపు దాన్ని చేసుకోనియ్యి.

ప్రశ్న (కొల్లాపూర్, మామిడి రైతు): కోతులతోని తోట ఆగమైతుంది. లైట్ ట్రిగ్గర్ ఉండి గబగబ కాల్చే ఎయిర్ గన్ ఏది మంచిది? లైసెన్స్ అక్కర్లేదంటున్నరు నిజమేనా?

జవాబు: అన్నా, మీ బాధ తెలుసు, కాయ చేతికొచ్చే టైంకు గుంపు దిగితే ఎట్లుంటదో మా ఇంటికాడ జామచెట్టు మీదనే చూస్తున్న. అయినా ఈ పనికి నేను తుపాకి చెప్ప. ఆ గుండుకు కోతి చావదు, కడుపుల గుండు పెట్టుకోని చీముపట్టి వారం రోజులు తిరుగుతది, కేసు గూడ అయితది. లైసెన్స్ సంగతంటరా, 2016 ఆయుధ రూల్స్ ప్రకారం 20 జౌల్స్ బలానికి, 0.177 అంగుళాల సైజుకు మించనిదానికి లైసెన్స్ అక్కర్లేదు, కొన్నప్పుడు ఐడీ ప్రూఫ్, అడ్రస్ ప్రూఫ్ ఇయ్యాలె. అది అట్ట మీద కాల్చుకోవటానికి, జీవాల మీద కాదు. మీ దిక్కు నల్లమల అంచు, అక్కడ నెమలి పిట్ట మీద పొరపాటున పడ్డా వన్యప్రాణి చట్టం కింద జైలే. ఇంకేమన్న దారుంటే వ్యవసాయం పేజీ రాసేటాయనకు మీ ఉత్తరం ఇస్తున్న.

ప్రశ్న (గద్వాల): నా ట్రిగ్గర్ ఎన్ని గ్రాములుందో ఇంట్ల ఎట్ల తూచాలె? మెషిన్ కొనాల్నా?

జవాబు: మెషినేం వద్దు. బస్సుల సామాన్లు తూచే వేలాడే డిజిటల్ కాటా దొరుకుతది, కొక్కెం ఉన్నది, అది చాలు. స్ప్రింగ్ తుపాకైతే గుండు పెట్టి, మూతి ఇసుక బస్తా దిక్కు పెట్టి, తుపాకిని బస్తాల మధ్య ఆనిచ్చి పండవెట్టు. కాటా కొక్కేన్ని మీట మధ్యల తగిలించి, నీ వేలు ఎట్ల గుంజుతదో గట్లనే నిటారుగ వెనక్కి మెల్లగ గుంజు. పేలిన అంకె రాసుకో. సెల్‌ఫోన్‌ల వీడియో పెట్టుకుంటే అంకె మిస్ కాదు, నేనొక్కడినే ఉన్నప్పుడు గట్లనే చేస్త.

ఒక్కసారి తూచి వదిలిపెట్టకు, ఐదుసార్లు తూచు. నా పాత తుపాకి తుడవకముందు 2.6, 3.1, 2.3, 2.9, 2.5 కిలోలు వచ్చింది, తుడిచి గ్రీజు పెట్టినంక 2.4, 2.5, 2.4, 2.4, 2.5. సగటు చూస్తే పెద్ద తేడా లేదు, దెబ్బలు మాత్రం సాసర్ల నుంచి చాయ్ కప్పులకొచ్చినయి. నీ ఐదు అంకెలు నాకు పంపు, ఎంత బరువుందన్నది తర్వాత మాట్లాడుకుందాం, మొదలు ఆ ఐదు ఒకదానికొకటి ఎంత దగ్గరున్నయో చూద్దాం.